మాట్లాడకపోతే కేసవుతుందా

మా ఇంటి ముందుగదిలోకి వచ్చినవాళ్ళలో తన కష్టం తనదేనని ఒప్పుకున్న మనిషిని నేను చూడలేదు. అందరూ స్నేహితుల కోసమే వస్తారు. "నాకు తెలిసినాయన ఒకాయనున్నాడండీ" అని మొదలుపెడతారు. ఆ తెలిసినాయనకి ఇంటి ఓనరు నీళ్ళు కట్టేశాడని చెబుతూ, మేమిచ్చిన మంచినీళ్ళు గ్లాసు మీద గ్లాసు గటగటా తాగేస్తారు. ఇది స్నేహితుడి దాహమా అన్న మాట నాకు నాలుక చివరిదాకా వస్తుంది. కానీ అడగకూడదు. అది మా ఆవిడ పెట్టిన రూలు.

మా ఆవిడ ప్లీడరు. పగలంతా కోర్టులో అరిచి వచ్చి, మొహం కడుక్కుని, సాయంత్రం ముందుగదిలో కూర్చుంటుంది. ఎవరొచ్చి ఏమడిగినా చెబుతుంది. కేసు పట్టదు, ఫీజు పుచ్చుకోదు, దారి చెప్పి పంపిస్తుంది. నేను బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పే మాస్టారిని. బడి గేటు దాటానంటే నాకు ఆ గౌరవం కూడా ఉండదు, ప్లీడరమ్మగారి ఆయన్ని అయిపోతాను. సాయంత్రాలు నా ఉద్యోగం టీ పెట్టడం, కుర్చీలు వేయడం, వాళ్ళు వెళ్ళాక కుర్చీలు తీయడం. పెళ్ళప్పుడు ఎవరైనా ఈ సంగతి చెప్పి ఉంటే ముందే ఒక మంచి ప్లీడర్ని సంప్రదించేవాణ్ణి.

ప్రశ్నలు కూడా అంతే, ఒక తీరుగా ఉండవు. పైవాటా వాళ్ళు ఆరేసిన బట్టల నీళ్ళు తన బాల్కనీలో కారుతున్నాయని ఒక పెద్దాయన వస్తుండేవాడు. నీళ్ళు కారడం ఎప్పుడో ఆగిపోయింది, ఆయన రావడం మాత్రం ఆగలేదు. మేమాయన్ని బాల్కనీగారు అంటాం. సెలూన్ నడిపే అతనొకసారి చెమటలు కక్కుతూ వచ్చాడు. అతని స్నేహితుడెవరో ఒక పెద్దమనిషి మీసం ఒక పక్క కాస్త ఎక్కువ కత్తిరించాడట, ఆయన కోర్టుకి ఈడుస్తానంటున్నాడట. మా ఆవిడ నవ్వకుండా విని, ముందు రెండో పక్క సమానం చేసి క్షమాపణ చెప్పమంది, నోటీసంటూ వస్తే అప్పుడు పట్టుకురమ్మంది. కొన్న మెషీను వారం తిరక్కుండా చెడిపోయినవాళ్ళు, ఉద్యోగం మానేస్తానంటే సర్టిఫికెట్లు ఇవ్వనంటున్నారనేవాళ్ళు, గోడ ఎవరిదో తేల్చమనేవాళ్ళు. అందరికీ అంతే ఓపిగ్గా చెప్పేది. బిల్లు పారేయకండి, నోటిమాటగా కాక రాతపూర్వకంగా అడగండి, చదవకుండా సంతకం పెట్టకండి, కోపంలో ఉన్నప్పుడు ఏ నిర్ణయమూ తీసుకోకండి.

ఏ జవాబైనా "సాధారణంగా చెప్పాలంటే" అని మొదలయ్యేది. పూర్తి వివరాలు తెలియకుండా గట్టిగా చెప్పకూడదట, అది వృత్తి మర్యాదట. ఇంట్లో కూడా ఆ అలవాటు పోలేదు. ఉప్పు సరిపోయిందా అని నేనడిగితే, సాధారణంగా చెప్పాలంటే సరిపోయినట్టే అనేది.

ఎవరి ప్రశ్న అని అడక్కూడదన్న రూలు వెనక ఒక గొడుగు కథ ఉంది. ప్రాక్టీసు కొత్తలో ఒకాయన వచ్చి, తన స్నేహితుణ్ణి కన్నతండ్రే ఇంట్లోంచి పొమ్మంటున్నాడని చెప్పాడు. మా ఆవిడ జాలిపడి, ఆ స్నేహితుడు మీరేనా బాబూ అని అడిగేసింది. ఆయన మొహం నల్లబడిపోయింది. లేచి, గొడుగు కూడా తీసుకోకుండా వానలోనే వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ గొడుగు ఇప్పటికీ మా తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. పేరు అడిగితే మనిషి పోతాడండీ, అడక్కపోతే కనీసం దారి తెలుసుకుని వెళ్తాడు అనేది మా ఆవిడ. నాకూ అది సబబే అనిపించింది. వచ్చినవాళ్ళు వెళ్ళాక, ఇవాళ ఎంతమంది స్నేహితులొచ్చారు అని నేనడగడం, ఆవిడ నవ్వడం మా ఇంట్లో మామూలైపోయింది.

ఇప్పుడు మా మరదలి సంగతి చెప్పాలి. మా ఆవిడకి ఒక్కతే చెల్లెలు. చిన్నప్పటినుంచి దాన్ని అందరూ రేడియో అంటారు. నిద్రలో తప్ప నోరు మూసేది కాదు, నిద్రలోనూ అప్పుడప్పుడు వార్తలు వచ్చేవి. నోట్లో నువ్వుగింజ నానదు. నా పెళ్ళిచూపుల్లో మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు, మాట్లాడిందంతా ఈ పిల్లే. "బావా, అక్కకి మీరు నచ్చలేదు, కానీ మీ చెప్పులు నచ్చాయి" అని వాకిట్లో నా చెవిలో చెప్పింది. నేను పెళ్ళికి ఒప్పుకున్నది సగం ఆ మాట వల్లే.

రేడియోకి పెళ్ళై మా ఊళ్ళోనే కాపురం పెట్టింది. మా తోడల్లుడు పెద్దపెద్ద భవనాలకి లిఫ్టులు బిగించే కంపెనీలో ఇంజనీరు. నలిగిన చొక్కాతో ఎప్పుడూ చూడలేదు. మా ఇంటికొస్తే పళ్ళు తెచ్చేవాడు, నా బొమ్మలు అడిగి మరీ చూసేవాడు, మా ఆవిడతో తీర్పుల గురించి మాట్లాడేవాడు. మాటకి మాట అందిస్తూ, అవతలివాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగి మరీ బదులిచ్చేవాడు. ఇంత మర్యాదస్తుడు మన రేడియోకి దొరకడం దాని అదృష్టమని మేమిద్దరం చాలాసార్లు అనుకున్నాం. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పెళ్ళైన రెండేళ్ళకి కాబోలు, ఒక సాయంత్రం రేడియో వచ్చింది. ముందుగదిలో ఎప్పటిలాగే జనం ఉన్నారు. బాల్కనీగారు తన కుర్చీలో ఉన్నారు. ఇది తిన్నగా లోపలికి రాకుండా ఒక మూల కింద కూర్చుని, నేను ఒలుస్తున్న బఠాణీలు సగం లాక్కుని ఒలవడం మొదలుపెట్టింది. జనం పలచబడ్డాక, చేతుల్లోని కాయ వైపే చూస్తూ అడిగింది.

"అక్కా, మా ఫ్రెండొకతి అడగమంది. మొగుడు మాట్లాడకపోతే కేసవుతుందా?"

మాట్లాడకపోవడమంటే ఏమిటని మా ఆవిడ అడిగింది. రేడియో చెప్పింది. ఆ స్నేహితురాలు నలుగురి ముందు మొగుడి గురక గురించి ఏదో జోకు వేసిందట. అందరూ నవ్వారట. ఆ రోజు నుంచి ఆయన ఆమెతో మాట్లాడటం మానేశాడట. తప్పయిందని కాళ్ళావేళ్ళా పడ్డా లాభం లేకపోయిందట. బయటివాళ్ళతో బాగానే ఉంటాడట, ఎవరైనా వస్తే వాళ్ళ ముందు ఆమెతోనూ రెండు మాటలంటాడట, తలుపు వేయగానే గోడైపోతాడట.

మా ఆవిడ మామూలుగా అడిగే ప్రశ్నలు అడిగింది. కొడతాడా, తిండికి బట్టకి లోటు చేస్తాడా, ఇంకెవరితోనైనా తిరుగుతాడా. అన్నిటికీ లేదంది రేడియో. ఈలోగా బాల్కనీగారు కలగజేసుకుని, అలాంటి మొగుడు దొరికితే మా ఇంటావిడైతే నెత్తిన పెట్టుకుని ఊరేగేదమ్మా, మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా అన్నాడు. గదంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది రేడియోనే.

మా ఆవిడ కూడా నవ్వి, తర్వాత జవాబు చెప్పింది. "సాధారణంగా చెప్పాలంటే, మాట్లాడకపోవడం ఒక్కటే పెట్టుకుని కోర్టుకెళ్తే నిలబడ్డం కష్టం. చాలాకాలం అలాగే జరిగితే అదీ క్రూరత్వమే అనొచ్చు, కానీ దానికి సాక్ష్యం కావాలి. తొందరపడి ఇల్లు వదిలి రావద్దని చెప్పు. వచ్చేస్తే, తనే కాపురం వదిలేసి పోయిందంటారు. ముందు సాక్ష్యం పోగు చేసుకోమను."

రేడియో ఇంకా ఏదో అడుగుతుందేమోనని నేను చూశాను. అది ఒలిచిన బఠాణీలు గిన్నెలో పోసి, చీర దులుపుకుని లేచింది. ఫ్రెండుకి చెబుతానంది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. మా ఆవిడ అప్పటికే తర్వాతి మనిషి వైపు తిరిగింది.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. రేడియో రావడం తగ్గింది. వచ్చినా మునుపటి సందడి లేదు. పిలిస్తే పలికేది, అడిగితే చెప్పేది, మిగతా సమయం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. పెళ్ళయ్యాక పెద్దరికం వచ్చిందని మా అత్తగారు మురిసిపోయింది. దానికి ఆఫీసులో పని ఎక్కువైందేమోనని మా ఆవిడ అనుకుంది. నేను ఒకసారి ఏడిపించడానికి, రేడియోకి బ్యాటరీలు అయిపోయాయా అన్నాను. పూర్వమైతే దానికి పది సమాధానాలు చెప్పేది. ఆ రోజు నా వైపు చూసి, నవ్వినట్టుగా పెదవులు కదిపి ఊరుకుంది. తోడల్లుడు పక్కనే కూర్చుని ఆపిల్ పండు ముక్కలు కోసి నాకు అందిస్తున్నాడు.

మొన్న వానాకాలం ఒక సాయంత్రం, నేను టీ పళ్ళెం పట్టుకుని ముందుగదిలోకి వచ్చేసరికి, అడగడానికి వచ్చినవాళ్ళ వరుసలో చివరి కుర్చీలో రేడియో కూర్చుని ఉంది. లోపలికి రావే అన్నాను. తన వంతు వచ్చేదాకా కూర్చుంటానంది. నాకు అది పరాచికమే అనిపించింది, మళ్ళీ పాత రేడియో వచ్చిందని సంతోషపడ్డాను. టీ ఇచ్చాను. బాల్కనీగారి వంతు అయింది, ఆయన గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. ఇంకెవరూ లేరు. రేడియో లేచి వచ్చి, మా ఆవిడ ఎదురుగా క్లయింట్లు కూర్చునే కుర్చీలో కూర్చుంది.

"మా ఫ్రెండు గురించి వచ్చానక్కా. సాక్ష్యం పోగు చేసుకోమన్నావు కదా, చేసుకుంది" అని, చేతిలో ఫోను బల్ల మీద పెట్టింది.

మా ఆవిడకి ఒక క్షణం అర్థం కాలేదు. బఠాణీల సాయంత్రం ఆవిడకి గుర్తే లేదు, నాకు ముందు గుర్తొచ్చింది. రేడియో ఫోనులో ఏదో నొక్కింది. ఏదో వంటింటి చప్పుడు, ఫ్యాను చప్పుడు, తర్వాత గలగలమంటూ రేడియో గొంతు. పాత గొంతు. ఆఫీసులో ఎవరో కొత్తమ్మాయి బాసుని చూసి ప్యూననుకుని టీ తెమ్మందట, ఆయన నిజంగానే వెళ్ళి తెచ్చాడట. ఆ కథంతా నవ్వుతూ చెప్పి, "కూర ఎలా ఉంది?" అని అడిగింది. పళ్ళెంలో చెంచా తగిలింది. కుర్చీ జరిగింది. అడుగుల చప్పుడు దూరమైంది. టీవీ మోగింది.

ఇంకొకటి పెట్టింది. అదీ అంతే, మరో కథ. చివర్న కూర ఎలా ఉంది. బదులు లేదు. మా ఆవిడ ఫోను తన చేతిలోకి తీసుకుని తనే ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకోవడం మొదలుపెట్టింది. కోర్టు మనిషి కదా, వరుస తప్పకుండా విన్నది. కథలు పొట్టివయ్యాయి. తర్వాత కథలు లేవు, అన్నం పెట్టనా, పెరుగు వేయనా, కూర ఎలా ఉంది, అంతే. తర్వాత కూర ఎలా ఉంది అన్నది ఒక్కటే మిగిలింది. చివరివాటిలో అదీ లేదు. పళ్ళేల చప్పుడు, కుళాయి చప్పుడు, ఫ్యాను. ఒక ఇంట్లో ఇద్దరు మనుషులు అన్నం తింటున్నారు, ఎవరూ ఏమీ అనడం లేదు.

నేను పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నాకు ఆ మనిషి మీద కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో పండ్లు కోసిపెట్టిన చేతులు గుర్తొచ్చాయి.

మా ఆవిడ ఫోను కింద పెట్టింది. తను ఎప్పుడూ ఎవర్నీ అడగని ప్రశ్న, గొడుగు మనిషి తర్వాత ఎవర్నీ అడగనిది, అడిగింది.

"ఎవరే ఆ ఫ్రెండు?"

రేడియో బల్ల అంచు గోటితో గీకుతూ కూర్చుంది. అక్క వైపు చూడకుండానే అంది. "ఆ రోజే అడుగుతావనుకున్నానక్కా. చెప్పులు వేసుకుంటూ కూడా చూశాను. వచ్చినవాళ్ళని అడగవని తెలుసు. నేను వచ్చినదాన్ని కాదు కదా."

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఎన్ని రచ్చలు గెలిచిందో మా ఆవిడ, ఆ కుర్చీలోంచి కదలలేకపోయింది. తిన్నగా నాకే చెప్పి ఉండొచ్చు కదే అని గొణిగింది. చెబితే నువ్వు ఆయన మీదికి యుద్ధానికి వెళ్తావని భయమేసిందని, మర్నాటికి ఆయన మాట్లాడేస్తాడేమోనని ఆశగా కూడా ఉండేదని రేడియో చెప్పింది. రోజూ ఆ ఆశతోనే వంట చేసేదట. ఫోను మాత్రం ఉప్పు డబ్బా పక్కన పెట్టేదట, అక్క చెప్పింది కదా అని.

"ఇది చెల్లుతుందా?" అని అడిగింది. "మొదట్లోవి వింటే ఆయన మాట్లాడ్డం లేదని తెలుస్తుంది. చివరివి వింటే ఎవరు మాట్లాడ్డం లేదో తెలీదు. వాళ్ళ లాయరు వాటినే పట్టుకుంటాడు కదా?"

మా ఆవిడ నోరు తెరిచింది. "సాధారణంగా..." అన్నది. ఆ మాట తన చెవిన తనకే పడింది. ఆపేసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు నేను మా మామగారు పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఆ రోజే.

"ఇంక ఆ ఇంటికి వెళ్ళకు" అంది.

"వెళ్ళకపోతే నేనే వదిలేసి వచ్చినట్టు కాదా?"

"కాదు. ఎవరేమైనా అననీ, నేను చూసుకుంటాను."

"మరి అప్పుడు వద్దన్నావు."

"అప్పుడు నీకు చెప్పలేదే. ఎవరికో చెప్పాను."

"నాకే చెప్పావక్కా" అంది రేడియో. దాని గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే మాకు కాస్త తేలిగ్గా ఉండేది.

రేడియో మా ఇంట్లోనే ఉండిపోయింది. నా రంగుల డబ్బాలు, కాగితాలు తీసి, నేను బొమ్మలేసుకునే గది దానికిచ్చాను. కేసు నడుస్తోంది. తన చెల్లెలి కేసు తను వాదించకూడదని మా ఆవిడ ఇంకొక ప్లీడరుకి అప్పగించింది. నేను రెండుసార్లు కోర్టుకి వెళ్ళాను. మా తోడల్లుడు ఇస్త్రీ చొక్కాలో వచ్చి, జడ్జిగారు అడిగినదానికల్లా చక్కగా, నెమ్మదిగా, ఒక్క మాట పొల్లు పోకుండా జవాబు చెబుతున్నాడు. భార్యతో నాకు ఏ గొడవా లేదండీ, ఆమే ఈమధ్య ముభావంగా ఉంటోందండీ అన్నాడు. జడ్జిగారు రేడియోని అడిగితే, అది గొంతు సవరించుకుని, మాట కోసం వెతుక్కుంటూ నిలబడింది. ఆ నిలబడటం చూడలేక నేను బయటికి వచ్చేశాను. చివరికి మనకే అనుకూలంగా వస్తుందని ఆ ప్లీడరు ధైర్యం చెబుతున్నాడు. రావచ్చు. వస్తే తీర్పు కాగితం వస్తుంది.

మా ముందుగదిలో సాయంత్రాలు ఇప్పటికీ కుర్చీలు వేస్తున్నాం. కానీ రూలు మారింది. ఎవరొచ్చి స్నేహితుడి సంగతని మొదలుపెట్టినా, మా ఆవిడ కుర్చీ దగ్గరికి జరిపి, ఇది మీదేనా అని నెమ్మదిగా అడుగుతోంది. కొందరు తలదించుకుని అవునంటారు. కొందరు లేచి వెళ్ళిపోతారు. మునుపటంత జనం లేరు. సెలూన్ అతను మాత్రం వస్తున్నాడు, ఆ మీసం కత్తిరించింది తనేనని కూడా ఒప్పుకున్నాడు. గొడుగు ఆయన ఎక్కడున్నాడో, ఎవరింట్లో ఉన్నాడో అని మా ఆవిడ ఒకసారి అంది. అడగడం తప్పు కాదు, అడిగి ఊరుకోవడం తప్పు, ఆయన వెనక వానలోకి వెళ్ళి ఉండాల్సింది అంది.

రేడియో మాతో బాగానే ఉంటుంది. పొద్దున్నే లేచి పని అందుకుంటుంది, ఆఫీసుకి వెళ్తుంది, వస్తుంది. నేను దాన్ని ఏడిపించడానికి నానా తంటాలూ పడతాను. నా చెప్పులు చూపించి, ఇవి నచ్చాయా, మీ అక్కని ఇంకోసారి చేసుకోమంటావా అన్నాను ఒకరోజు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఎవరో తన మాట వింటారని దానికి నమ్మకం పోయింది. అది మళ్ళీ ఎలా వస్తుందో ఏ చట్టంలోనూ లేదు, నా బడిలోనూ లేదు.

భోజనాల దగ్గర మా ఆవిడ ఇప్పుడు దాని ఎదురుగా కాకుండా పక్కనే కూర్చుంటుంది. తనే వడ్డిస్తుంది. కోర్టులో జరిగినవీ, ముందుగదిలో విన్నవీ కథలుగా చెబుతుంది. మా ఆవిడకి కథ చెప్పడం రాదు, ఎక్కడ నవ్వాలో తెలియక మధ్యలో ఆగిపోతుంది. అయినా చెబుతుంది. చెప్పి, "కూర ఎలా ఉందే?" అని అడుగుతుంది.

రేడియో తల ఊపుతుంది. మా ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని దాని మొహంలోకి చూస్తూ కూర్చుంటుంది. కాసేపాగి మళ్ళీ అడుగుతుంది.